ఓటీపీ నీ జేబుకే వచ్చింది

మదనపల్లె,
ఆదివారం.

అన్న మునిరత్నానికి చెల్లెలు మంజుల రాయునది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ వదిన, పిల్లోడు, అవ్వ అందరూ బాగున్నారని తలుస్తాను. కంటి ఆపరేషన్ అయ్యాక అవ్వకు వేయమన్న చుక్కల మందు వేళకు వేస్తున్నారా? పొయ్యి దగ్గర కూర్చోనివ్వకండి, పొగ మంచిది కాదు. నా గురించి అడిగితే బాగుంది, వేళకు తింటోంది, కాస్త లావెక్కింది కూడా అని చెప్పండి. లావెక్కలేదు గానీ అట్లా చెబితేనే ఆమెకు నిద్ర పడుతుంది. ఇక నీ క్షేమం. అడగడానికి నాకు మనసు రావడం లేదు. ఉత్తరం రాసి ఎదుటి మనిషి క్షేమం అడక్కపోవడం తప్పని పోయిన అమ్మ నేర్పింది కాబట్టి అడుగుతున్నాను. బాగున్నావా?

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోవద్దు. నా నంబరు బ్లాక్ చేశావు. ఇంటి వాట్సాప్ గ్రూపులో నుంచి నన్ను తీసేశావు. అందులో పిల్లోడి ఫొటో చూసి ఎన్నాళ్ళయిందో. పోస్టులో వచ్చే కాగితాన్ని ఆపే బటన్ మాత్రం నీ ఫోన్లో లేదు కదా. చదివాక చింపి పొయ్యిలో వేసుకో, నాకేం బాధ లేదు. చదవకుండా మాత్రం వేయొద్దు. ఇందులో నువ్వు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. ఆ మాట ముందే చెబుతున్నాను, చివరిదాకా వెతుక్కోకుండా.

మన ఆవు బొల్లి చచ్చిపోయిన రోజు నా వైపు నుంచి ఏం జరిగిందో నువ్వు ఎప్పుడూ అడగలేదు. మా ఆఫీసులో పని మొదలయ్యే ముందు ఎవరి ఫోన్ వాళ్ళు సొరుగులో పెట్టేయాలి. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని వచ్చే కాల్స్ మాట్లాడాలి. మధ్యాహ్నం అన్నానికి లేచి సొరుగు తీస్తే వదిన చేసిన మిస్డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. అవ్వకు ఏమైందో అనుకున్నాను. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అప్పుడు నీ ఫోన్ వచ్చింది. నువ్వు బొల్లిని పూడ్చే గుంత దగ్గర నిలబడి ఉన్నావని తర్వాత తెలిసింది. వెనక మనుషుల మాటలు, పార చప్పుడు వినిపిస్తున్నాయి.

"నీ యాప్ నా ఆవును మింగేసింది. కడుపులో దూడతో సహా మింగేసింది. సదివించి పంపిస్తే ఇదా నువ్వు జేసే పని? నువ్వు ఈ ఇంటి గడప తొక్కితే సూడు!"

ఊరంతా వినాలనే అంత గట్టిగా అరిచావు. నేను ఆఫీసు మెట్ల మీద, కింద టైర్ల షాపులో గాలి కొట్టే మోతలో నిలబడి విన్నాను. "బొల్లికి ఏమైందన్నా" అని నేను అడిగేలోపే పెట్టేశావు. బొల్లి ఈనలేక చనిపోయిందని నాకు సాయంత్రం పాలకేంద్రం మునెమ్మక్క చెబితే తెలిసింది. ఆ సీమావు పేయదూడగా ఉన్నప్పుడు దానికి గంజి తాపింది నేను. అదైనా నీకు గుర్తు రాలేదు.

ఇక్కడ నా బతుకు ఎట్లా ఉందో చెబుతాను. కుప్పం నుంచి ఎంత దూరమని నువ్వు అంటావు. బస్సులో ఒక పూట ప్రయాణమే. కానీ పక్క జిల్లాకు కాదు, పక్క లోకానికి వచ్చినట్టుంది. బెంగళూరు రోడ్డు పక్క సందులో ఒక గదిలో ముగ్గురం ఉంటున్నాం. మిగతా ఇద్దరూ ఇక్కడికి దగ్గర్లో అంగళ్ళు అనే ఊరి కాలేజీలో చదువుకుని మా దానికంటే పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్ళు. నేను గుడుపల్లె పక్కనుంచి వచ్చానంటే "అది తమిళనాడా?" అని అడిగింది ఒకతె. నేను మాట్లాడితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అందుకే గదిలో మాట్లాడటం తగ్గించేశాను. చలి మాత్రం బాగుంటుంది ఇక్కడ. సాయంత్రమైతే కొండగాలి వీస్తుంది, సన్నగా తుంపర పడుతుంది. టమోటా లారీలు రోడ్డంతా నిలబడిపోతే నడిచే ఆఫీసుకు వెళతాను. మెస్సులో అన్నంలో ఏం కలుపుతారో తిన్న గంటకు కడుపు రాయి అవుతుంది. సంగటి పెట్టే హోటలు ఒకటి ఉంది, అక్కడికి వెళితే మగవాళ్ళందరూ తలలెత్తి చూస్తారు. చూడనీ అని రెండుసార్లు వెళ్ళి తిన్నాను. నేను బాగానే ఉన్నాను, అవ్వకు అదే చెప్పు.

నా ఉద్యోగం ఏమిటో నీకు సరిగా తెలియదు, అందుకే "నీ యాప్" అన్నావు. యాప్ నాది కాదు. గొడ్డుకు జబ్బు చేస్తే ఊళ్ళో నుంచే ఫోన్లో పశువుల డాక్టరుతో మాట్లాడించే యాప్ అది. అందులో తెరల మీద వచ్చే తెలుగు మాటలు నేను రాస్తాను. ఎవరికైనా తెరుచుకోకపోతే వాళ్ళు చేసే కాల్స్ నేను మాట్లాడతాను. తెరుచుకోకపోవడమే ఎక్కువ. డాక్టరు దాకా వెళ్ళాలంటే ముందు ఖాతా తెరవాలి. ఆధార్‌లో ఉన్నట్టే ఇంగ్లీషులో పేరు కొట్టాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఒప్పుకోదు. ఈమెయిల్ అడుగుతుంది. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం, అంకె, ఏదో ఒక గుర్తు ఉండాలంటుంది. తర్వాత ఆధార్‌కు కట్టిన ఫోన్ నంబరుకు ఓటీపీ. అదీ అయ్యాక ఆవు చెవికి తగిలించిన నంబరు బిళ్ళ కనిపించేలా ఫొటో. నేను పనిలో చేరిన తొలి వారం నుంచే మా ఆఫీసు పెద్ద భార్గవ్‌కు చెబుతూనే వచ్చాను, జనం ఇక్కడే వెనక్కి వెళ్ళిపోతున్నారు సార్ అని. "అలవాటైతే వాళ్ళే నేర్చుకుంటారు మంజులా, మీరు తెలుగు చూసుకోండి" అన్నాడు. ఈనుతున్న ఆవు ఎప్పుడు అలవాటు పడాలో అడగాల్సింది. అప్పుడు నోరు రాలేదు.

బొల్లి పోయిన మరునాడు నోరు వచ్చింది. అందరి ముందే అడిగాను. భార్గవ్ చెడ్డవాడిలా మాట్లాడడు, అదే అతనితో కష్టం. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"చూడండి, మొదట్లో ఖాతా లేకుండానే కాల్ పెట్టాం. ఏమైంది? తాగుబోతులు, అల్లరి కుర్రాళ్ళు లేడీ డాక్టర్లకు ఫోన్ చేసి బూతులు మాట్లాడారు. మన డాక్టర్లను కాపాడుకోవాలా వద్దా? అందుకే ఆధార్ పెట్టాం."

"అయితే మాట్లాడాక అడగండి సార్. బూతులు మాట్లాడినవాడి నంబరు తర్వాత మూసేయండి. తలుపు ముందే మూసేస్తే ఎట్లా?"

"మీ ఇంట్లో జరిగిన దానికి నేను నిజంగా బాధపడుతున్నాను. కానీ ఒక ఆవును చూసి ప్రాడక్ట్ మార్చలేం."

ఒక ఆవు. నేను లేచి నా సీటుకు వచ్చేశాను. ఆ రోజు నుంచి నాతో మధ్యాహ్నం అన్నానికి ఎవరూ కూర్చోలేదు. పెద్దతో ఎదురు మాట్లాడినదాని పక్కన కూర్చుంటే తమకూ అంటుకుంటుందని భయం కాబోలు. నేనూ పిలవలేదు.

ఇప్పుడు నీకు తెలియనిది. వదిన చౌడేపల్లె దగ్గర పుట్టింటికి వెళ్ళొస్తానని నీకు చెప్పి బస్సెక్కింది కదా. పుట్టింటికి వెళ్ళిన మాట నిజం. కానీ చౌడేపల్లె బస్సు మారాల్సిన పుంగనూరులో దిగలేదు. ముందు నేరుగా మదనపల్లెకు వచ్చింది. ఇది నీకు రాయమని తనే చెప్పింది, కాబట్టి చాటుగా చేసిందని ఆమె మీద ఎగరొద్దు.

బస్టాండులో నన్ను చూసి నవ్వలేదు. ఆ ముఖం అంత గట్టిగా బిగుసుకుని ఉండగా నేనెప్పుడూ చూడలేదు. టీ తాగుదాం రమ్మన్నాను.

"నేను టీ తాగేదానికి రాల్యా. నీ ఆఫీసు యాడుండాదో సూపించు."

"నా మీద కోపమా వదినా?"

"నీ మింద కాకుండా ఇంకెవురి మింద పెట్టుకునేది? ఆ యాప్ బొమ్మ పాలకేంద్రంలో అంటించినప్పుడు, మా మంజుల జేసేది దీంట్లోనే అని అందరికీ సెప్పుకుంటి. ఇప్పుడు ఆ గోడ పక్క పోవాలంటే నాకు ఎట్లుండాదో నీకు తెలుసునా?"

ఆఫీసుకు తీసుకెళ్ళాను. ఆఫీసు మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, తిన్నగా భార్గవ్ గదిలోకి వెళ్ళింది. నేను వెనకాలే పరుగెత్తాను. అతను లేచి నిలబడి, "కూర్చోండమ్మా, జరిగినదానికి సారీ" అన్నాడు.

"సారీ నాకెందుకు సార్? ఆ యాప్ నా ఎదురుగా ఇంకోసారి తెరవండి. యాడ ఆగిపోయిందో సూపిస్తా."

అతను తన ఫోన్ ఇచ్చాడు. వదిన బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్క తెరా దాటించింది. పేరు దగ్గర ఎన్నిసార్లు వెనక్కి తోసిందో చెప్పింది. ఈమెయిల్ అంటే పక్కింటి రెడ్డెప్ప కూతురిది అడిగి కొట్టానంది. ఓటీపీ తెర వచ్చాక వేలు ఆపేసింది.

"ఈడ. నా ఆధార్‌కు ఉండేది మా ఆయన నంబరు, ఆ ఓటీపీ ఆయన ఫోనుకు పాయె. ఆయన కుప్పంలో ఆటోకు లోడు ఎక్కిస్తాండాడు. ఫోన్ జేసి, నంబరు వచ్చినాదా, సెప్పు అంటే, ఓటీపీ ఎవురికీ సెప్పొద్దని పోలీసోళ్ళు మొత్తుకుంటాండారు, నీకు బుద్ధి ల్యాదా, ఎవుడో దొంగ అడిగినాడా అని కట్ జేసినాడు. మళ్ళా జేస్తే ఎత్తల్యా. ఆవు సస్తాంది అని ఇంకోసారి జేసి ఏడిస్తే అప్పుడు సూసి సెప్పినాడు. కొడితే టైము అయిపోయింది, అది చెల్లదంట. ఇంకోటి అడిగితే, రేపు రా అనింది."

అన్నా, ఆ మాట నేను మొదటిసారి అక్కడ విన్నాను. అంతమంది ముందు, ఆ గాజుగదిలో. గుంత దగ్గర నిలబడి ఊరందరికీ వినిపించేలా నన్ను తిట్టావు కదా, ఈ సంగతి అక్కడ ఒక్కరికైనా చెప్పావా? నాకు చెప్పావా? నీ పెళ్ళానికి "నేను ఎత్తకపోతిని, తప్పయింది" అని ఒక్క మాటైనా అన్నావా? అనలేదు. అని ఉంటే ఆమె అంత దూరం బస్సెక్కి వచ్చేదే కాదు.

భార్గవ్ ఏమన్నాడో కూడా విను, నీకు తోడు దొరికాడని సంతోషపడు. "అమ్మా, టైముకు ఓటీపీ చెప్పకపోతే యాప్ ఏం చేస్తుంది? అది మీ ఇంట్లో సమస్య" అన్నాడు.

"మా ఇంట్లో సమస్యేనప్పా. కాదంటినా? ఆ నంబరు ఆ మనిసి దాకా యాల పోయింది అని అడుగుతాండా. ఆవు నాది. మేపేది నేను, పితికేది నేను. ఫోన్ నా చేతిలో ఉండాది. డాక్టరుతో మాట్లాడల్లంటే ఆయన పర్మిషన్ ఎందుకు అంటాండా. నీకు జొరం వస్తే నీ పెండ్లాం ఫోనుకు నంబరు పోయి, ఆయమ్మ సెప్తేనే నీకు డాక్టరు అంటే ఊరుకుంటావా?"

అతని ముఖం ఎర్రబడింది. వదినతో మాట్లాడటం మానేసి నా వైపు తిరిగాడు. "మంజులా, ఇది ఆఫీసు. ఇంటి గొడవలు ఇక్కడికి తెస్తారా? ఉద్యోగం కావాలో వద్దో ఆలోచించుకుని రేపు రండి."

"దాని ఉద్యోగం మిందికి యాల పోతావు? మాట్లాడేది నేను. నాతో మాట్లాడు."

అతను ఫోన్ తీసుకుని తలుపు తెరిచి పట్టుకున్నాడు. మేము బయటికి వచ్చేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. మెట్లు దిగాక వదిన నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా నా మీద కోపంగా ఉన్న మనిషి, ఆ చెయ్యి పుంగనూరు వచ్చేదాకా వదల్లేదు.

పుంగనూరులో ఎందుకు దిగామంటే, మా యాప్‌లో మాట్లాడే డాక్టర్లలో సరోజమ్మ గారని ఒకామె అక్కడే ఉంటుంది. ఉద్యోగం నుంచి రిటైరైనా చుట్టుపక్కల పల్లెలకు తిరుగుతూనే ఉంటుంది. బొల్లికి ఏమయిందో తెలుసుకోవాలని వదిన పట్టు. పోయిన ఆవు గురించి తెలుసుకుని ఏం చేస్తావంటే, "తెలియకుండా నాకు నిద్ర పట్టల్యా" అంది. ఇంటికి వెళితే చౌడేపల్లె దారిలో ఒక పశువుల షెడ్డు దగ్గరుందన్నారు. ఆటోలో వెళ్ళాం. ఆమె బకెట్ దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది.

"ఎవురు మీరు? గొడ్డు యాడ?"

"గొడ్డు ల్యాదు డాక్టరమ్మా. సచ్చిపాయె," అంది వదిన. జరిగింది చెప్పింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూనే విసుగ్గా అడిగింది, ముందు ఏం బయటికి వచ్చింది అని.

"మూతి కనపడె. ఒక కాలు కనపడె."

"రెండో కాలు లోపల మడత పడింటాది. మీరేం జేసినారు?"

"లాగితిమి. నేను, పక్కింటోళ్ళు, తాడు గట్టి లాగితిమి."

ఆమె నీళ్ళు పోసుకోవడం ఆపేసింది. "లాగకూడదమ్మా. నొప్పి ఆగినప్పుడు దూడను లోపలికి నెట్టి, గిట్టను అరచేత్తో మూసుకోని ఆ కాలు ముందరికి తీయల్ల. అప్పుడే లాగల్ల. ముందే లాగితే ఇంకా బిగుసుకుంటాది."

"అది ఫోన్లో సెప్పేదానికి అయితాదా?"

"అయితాది. శానామందికి సెప్పినాను."

వదిన షెడ్డు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "అంటే మేమే సంపితిమి," అంది మెల్లగా.

డాక్టరమ్మ ఊరడించే మనిషి కాదు. అయినా దగ్గరికి వచ్చి నిలబడింది. "మీకు తెలీదు, లాగినారు. తెలిసినదాన్ని నేను ఆ పూట ఇంట్లో ఫోన్ పక్కన పెట్టుకోని, ఒక్క కాల్ కూడా రాలేదే అని కూర్చోనుంటి." తర్వాత నా మీదికి తిరిగింది. "ఏమ్మే, నువ్వు ఆ ఆఫీసులోదానివే గదా? యాల పెట్టినారు ఇన్ని అడ్డాలు?"

నేను భార్గవ్ చెప్పినదే చెప్పాను, అల్లరి కాల్స్ నుంచి డాక్టర్లను కాపాడటానికని. ఆమెకు వచ్చిన కోపం చూసి షెడ్డు యజమాని పక్కకు జరిగాడు.

"నన్ను కాపాడేదానికా? నా పేరు సెప్పి తలుపు ఏసినారా? నన్ను ఎవురడిగినారు? ఆవు కడుపులో చెయ్యి పెట్టేదాన్ని నేను, తాగుబోతు నోటికి బయపడతానా? వాండ్లను తిట్టేదానికి నాకు నోరు ల్యాదా?"

అక్కడే నిలబడి భార్గవ్‌కు ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది. అతను "మేడం, మేడం" అంటూనే ఉన్నాడు. ఈమె ఆగలేదు. "ముందు నాతో కలుపు. పేరు, ఊరు అన్నీ తర్వాత. నువ్వు మార్చేదాకా నేను నీ యాప్‌లో కూర్చోను. మిగతా డాక్టర్లకు కూడా ఇదే సెప్తా. నా చేతి కింద పని నేర్సుకున్నోళ్ళే వాండ్లల్లో సగం మంది." ఫోన్ పెట్టేసి మమ్మల్ని కూడా పొమ్మంది. పని ఉందట. నీళ్ళయినా ఇవ్వలేదు. ఆ మనిషి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

మరునాడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకుండానే ఆఫీసుకు వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. కొన్నాళ్ళు అట్లా గడిచాయి, సరోజమ్మ గారి పేరు డాక్టర్ల వరసలో కనిపించలేదు. ఆమె వెనకే ఇంకొందరు డాక్టర్లు యాప్ వదిలేశారు. కాల్స్ వస్తే కలపడానికి డాక్టరు లేక నేను అందరితో తిట్లు తిన్నాను. అప్పుడు భార్గవ్ మీటింగ్ పెట్టి, ఇకనుంచి మన విధానం 'ముందు కాల్, తర్వాత ఖాతా' అన్నాడు. తనకే తట్టినట్టు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. "ఇది మా వదిన ఈ గదిలోనే చెప్పింది సార్" అన్నాను. ఆ సాయంత్రానికి నా సీటు బాత్రూము పక్కకు మారింది. ఇప్పటికీ నాతో పనుంటే పక్కసీటు అమ్మాయితో చెప్పిస్తాడు. చెప్పించనీ.

అయినా తెర మీద మాటలు రాసేది నేనే కదా, అక్కడా పోట్లాడాల్సి వచ్చింది. మొదటి తెర మీద ఒకే ఒక్క బటన్. దాని మీద 'పశువైద్య నిపుణులను సంప్రదించండి' అని పెట్టమన్నాడు. 'డాక్టరుతో మాట్లాడండి' అని రాసి పంపాను. తిరిగి పంపాడు. నేను మళ్ళీ అదే పంపాను. చివరికి విసిగిపోయి వదిలేశాడు. ఇప్పుడు అదే ఉంది. నొక్కితే చాలు, డాక్టరు ఫోన్ మోగుతుంది. ఏ ఫోన్ నుంచి చేశారో ఆ నంబరు దానంతట అదే నిలిచిపోతుంది. మాట్లాడటం అయ్యాక మేము ఫోన్ చేసి పేరు, ఊరు నోటితోనే అడిగి రాసుకుంటాం. ఖాతా అంటే అంతే. ఎవడైనా పిచ్చివాగుడు వాగితే ఆ నంబరు మూసేస్తాం. ఇద్దరివి మూశాం.

మార్చిన వారంలోనే పుంగనూరు అవతల ఒక పల్లె నుంచి ఒకామె కాల్ చేసింది. పక్కింటివాళ్ళ ఫోన్. ఆవుకు కడుపు ఉబ్బి పడిపోయిందట. సరోజమ్మ గారు అప్పటికి తిరిగి వచ్చేసింది, ఆమే మాట్లాడింది. ఆ తర్వాత నేను ఆ నంబరుకు ఫోన్ చేసేసరికి ఆవు లేచి నిలబడిందని కాల్ చేసినామె చెప్పింది. పేరు అడిగాను.

"మా ఆయన పేరు సెప్పల్లా?"

"మీ పేరే సెప్పండి అక్కా."

"నాగరత్న," అంది.

రాసుకుని హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాను. సంతోషం వస్తుందనుకున్నాను, రాలేదు. కోపం వచ్చింది. ఇంత సులువైన పనిని ఇన్నాళ్ళు చేయకుండా కూర్చున్నారే అని. ఆ కోపం ఇంకా పోలేదు. పోవాలని కూడా నాకు లేదు.

నీ సంగతికి వస్తాను. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదనుకోవడంలో నీ తప్పేమీ లేదు. ఊళ్ళో ఎంతమంది మోసపోయారో నాకూ తెలుసు. ఆ నంబరును నీ జేబుకు పంపినవాళ్ళది పెద్ద తప్పు. వాళ్ళతో నేను పోట్లాడాను, ఉద్యోగం పోతుందని తెలిసే పోట్లాడాను. నువ్వు మాత్రం జరిగింది కప్పిపెట్టి, ఊరి ముందు చెల్లెల్ని దోషిని చేసి, ఫోన్ మూసేసుకున్నావు. లాగకూడని చోట లాగినందుకు వదిన కుమిలిపోతుంటే పక్కన కూర్చోలేదు. దీనికి నిన్ను ఇప్పట్లో నేను క్షమించను. పండక్కి వస్తానా రానా అని అవ్వతో అడిగించొద్దు. వస్తే వదినను, అవ్వను, పిల్లోణ్ణి చూడటానికి వస్తాను. గడప తొక్కొద్దన్న మాట నువ్వు నోటితో వెనక్కి తీసుకునేదాకా పాలకేంద్రం దగ్గరే నిలబడి చూసి వెళతాను. ఊరు చూస్తుంది. చూడనీ.

చిన్న చిన్న పనులు. వీలైతే వేయించిన ఉలవలు, కాస్త చింతపండు, అవ్వ దంచిన శెనక్కాయల పొడి బస్సులో ఎవరైనా వస్తే పంపించండి. నా పాత స్వెట్టరు బీరువా పైన ఉంది, ఇక్కడ చలి మొదలవుతోంది. పిల్లోడికి లెక్కలు ఎట్లా వస్తున్నాయో వదిన చెప్పాలి. మునెమ్మక్కకు నేను బాగున్నానని చెప్పండి. నేను బాగానే ఉన్నాను. ఒంటరిగా ఉంటుంది, కానీ బాగానే ఉన్నాను.

అవ్వ కాళ్ళకు దండాలు. ఆమె ఆశీర్వాదం కావాలి. వదినకు నమస్కారాలు, ఆమె దీవెన కూడా కావాలి. పిల్లోడికి ముద్దులు. నీకు అన్నవైనందుకు దండం పెడుతున్నాను. దీవించాలో వద్దో నీ ఇష్టం.

ఇంకొక్క సంగతి. ఆ రోజు షెడ్డు నుంచి తిరిగి వచ్చి, పుంగనూరులో వదినను చౌడేపల్లె బస్సు ఎక్కించే ముందు ఒక సెల్ షాపులోకి వెళ్ళాం. పాలు పితికి అరిగిపోయిన ఆమె వేళ్ళను వేలిముద్రల మెషిన్ ఎంతసేపటికీ ఒప్పుకోలేదు. షాపువాడు రేపు రమ్మన్నాడు. వదిన కదల్లేదు. చివరికి చిటికెన వేలు పడింది. తన పేరు మీద, తన ఫోన్లో వేసుకోవడానికి ఒక సిమ్ము తీసుకుంది. ఈ నెలంతా మేమిద్దరం ఆ నంబరులోనే మాట్లాడుకుంటున్నాం. నువ్వు ఆమెకు ఇంతకుముందు చేసిన నంబరు ఇప్పుడు పనిచేయదు, గమనించావో లేదో. కొత్తది నాకు నోటికి వచ్చు, కానీ ఇందులో రాయను. ఆమెనే అడుగు. ఇవ్వాలనిపిస్తే ఇస్తుంది.

ఇట్లు,
నీ చెల్లెలు
మంజుల